వీఎస్‌వీతో పని: జీ ప్లాస్మిడ్ చాలా, డెల్టా జీ కావాలా, పెరిగే వైరస్సే తేవాలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివేవాళ్లు, మెడికల్ కాలేజీ ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ప్రాజెక్టు రాసుకునేటప్పుడు ఒక దగ్గర ఆగిపోతుంటారు. ఏ పేపర్ తిరగేసినా వీఎస్‌వీ, అంటే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ అనే పేరు కనిపిస్తుంది. ఒకదాంట్లో అది లెంటీవైరస్ (కణంలోకి జన్యువు మోసుకెళ్లేలా మలిచిన హెచ్‌ఐవీ రకం వైరస్) మీది తొడుగు. ఇంకోదాంట్లో సూడోవైరస్, అంటే వేరే వైరస్ తొడుగు కప్పుకున్న నకిలీ వైరస్. ఎబోలా టీకాలోనూ అదే, ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌ను అడ్డుకోవడానికి కణాలు వదిలే ప్రోటీన్) కొలిచే పరీక్షలోనూ అదే. పేరు ఒకటే గానీ తెచ్చుకోవాల్సిన వస్తువు ఒకటి కాదు. ఒకటి పోస్టు కవర్లో వచ్చేంత తేలిక, మరొకటి మైనస్ 80 డిగ్రీల్లో తప్ప నిలవదు, ఇంకొకటి మన పశువుల మధ్యకు తేవడానికి పదిసార్లు ఆలోచించాల్సింది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ప్రశ్న ఒక్క కణంలోకి వైరస్ దూరడం గురించే అయితే, పెరిగే వీఎస్‌వీ మీకు అక్కర్లేదు. కణంలోకి జన్యువు పంపడమే పనైతే జీ ప్లాస్మిడ్, అంటే వీఎస్‌వీ తొడుగు ప్రోటీన్ జీ జన్యువున్న గుండ్రటి డీఎన్‌ఏ చాలు. సీరంలో యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకుంటున్నాయా అని చూడాలంటే డెల్టా జీ, అంటే ఆ జీ జన్యువు తీసేసిన వీఎస్‌వీ సరిపోతుంది. వైరస్ ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకడమే మీ ప్రశ్న అయినప్పుడు మాత్రం పెరిగే వైరస్ అనే మూడో దారి గురించి ఆలోచించండి.

## పేరు వెనక ఉన్న వైరస్

వెసిక్యులర్ స్టొమటైటిస్ అంటే పొక్కులతో వచ్చే నోటిపూత. అమెరికా ఖండాల్లో ఆవులకు, గుర్రాలకు, పందులకు వచ్చే జబ్బు ఇది. నాలుక మీద, చనుమొనల మీద, గిట్టల పైఅంచున పొక్కులు లేస్తాయి, చొంగ కారుతుంది. పశువును చూసి ఇది వీఎస్‌వీయా, మన గాలికుంటా అని చెప్పడం కుదరదు, ల్యాబు పరీక్షే తేల్చాలి. మన దేశంలో ఈ జబ్బు లేదు.

దీని దగ్గరి చుట్టం మాత్రం మన దగ్గర ఉంది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా ఊళ్లో జ్వరపీడితుల రక్తంలో మొదట దొరికిన చాందీపురా వైరస్ కూడా వెసిక్యులోవైరస్ ప్రజాతికే చెందింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయిన విషాదం వెనక ఉన్నది ఆ వైరస్సేనని తేలింది. దాన్ని మోసేది శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ. అమెరికాల్లో వీఎస్‌వీని మోసే పురుగుల్లోనూ ఆ జాతి ఈగలున్నాయి. వీఎస్‌వీ మనది కాదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఈ ఒక్క మాట చాలు.

వైరస్ తూటా ఆకారంలో ఉంటుంది. సుమారు 11 వేల న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ, ఎన్, పీ, ఎం, జీ, ఎల్ అనే ఐదు జన్యువులు, అంతే. పరిశోధనలో ఇది ఇంతగా పనికిరావడానికి మూడు గుణాలు కారణం.

మొదటిది జీ ప్రోటీన్. ఇది కణం మీది ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను, ఆ కుటుంబంలోని మరికొన్నింటినీ పట్టుకుని లోపలికి పోతుంది. ఆ రిసెప్టర్ దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది కాబట్టి జీ తొడుక్కున్న ఏ వైరస్ అయినా దాదాపు ఏ కణంలోకైనా దూరగలదు. రెండోది, ఈ వైరస్ తన పాలిమరేజ్‌ను, అంటే ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీసే ఎంజైమ్‌ను వెంటే మోసుకొస్తుంది. 1970లో డేవిడ్ బాల్టిమోర్, ఆలిస్ హువాంగ్, మార్తా స్టాంప్ఫర్ చూపించిన సంగతి ఇది. కణంలోకి దిగీదిగగానే పని మొదలుపెడుతుంది కాబట్టి ఫలితం గంటల్లో కనిపిస్తుంది. మూడోది, జీ లేకపోయినా ఈ వైరస్ మొగ్గ తొడిగి బయటికొస్తుంది, వేరే వైరస్ తొడుగును కూడా తెచ్చి కప్పుకుంటుంది. 1995లో ప్లాస్మిడ్ల నుంచే వైరస్‌ను లేపడం సాధ్యమయ్యాక దీని జన్యువులను కావలసినట్టు మార్చుకునే వీలు దొరికింది.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న ఎన్ని చుట్లది? ఒక కణంలోకి ఒకసారి దూరడం ఒక చుట్టు. సీరం పరీక్ష, రిసెప్టర్ పరీక్ష, వైరస్ ప్రవేశాన్ని ఆపే మందు పరీక్ష, ఇవన్నీ ఒక చుట్టు ప్రశ్నలే. టీకా, కణితిని చంపే వైరస్, ప్లాక్ (వైరస్ కణాలను చంపిన చోట పడే ఖాళీ మచ్చ) సైజు పోలిక, ఇవి చాలా చుట్ల ప్రశ్నలు. ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

అనుమతి. 1989 నిబంధనల ప్రకారం జన్యుమార్పిడి పని ఏదైనా సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ, అంటే ఐబీఎస్‌సీ ముందుకు వెళ్లాలి. ప్రమాదం పెరిగే కొద్దీ దరఖాస్తు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) కింది జన్యుమార్పిడి సమీక్ష కమిటీ, అంటే ఆర్‌సీజీఎం దాకా వెళ్తుంది. మీ కాలేజీలో ఐబీఎస్‌సీ లేకపోతే ముందు అది ఏర్పాటై, డీబీటీ వారి ఐబీకేపీ పోర్టల్లో నమోదు కావాలి. ఇది నెలల పని. ఎంఎస్సీ నాలుగో సెమిస్టర్లో మొదలుపెడితే అందదు.

కరెంటు, చలి. మైనస్ 80 ఫ్రీజర్ ఉందా? దానికి జనరేటర్ ఉందా? మే నెలలో బయట 43 డిగ్రీలున్నప్పుడు గదిలో ఏసీ ఆగితే ఫ్రీజర్ కంప్రెసర్ ఎంతసేపు తట్టుకుంటుంది? ఈ జవాబులు లేకుండా వైరస్ స్టాక్ తెప్పించకండి.

చదివే పరికరం. వెలుగునిచ్చే ఎంజైమ్ లూసిఫరేజ్‌కు ల్యూమినోమీటర్ కావాలి. ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ జీఎఫ్‌పీకి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఉంటే చాలు. ప్లాకులకైతే క్రిస్టల్ వయొలెట్ రంగు, కళ్లు చాలు.

శాంపిల్ ఎవరిది? దీన్ని చాలామంది మరిచిపోతారు. హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవారి సీరంలో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను ఆపే మందు ఉంటుంది. లెంటీవైరస్ ఆధారిత సూడోవైరస్‌ను ఆ మందే ఆపేస్తుంది, మీరేమో యాంటీబాడీ ఆపిందనుకుంటారు. వీఎస్‌వీకి ఆ ఇబ్బంది లేదు. దాని ఇబ్బంది వేరు. జ్వరం మొదటి రోజుల్లో తీసిన సీరంలో ఇంటర్‌ఫెరాన్ ఎక్కువగా ఉంటే వీఎస్‌వీ దానికి లొంగిపోతుంది, అప్పుడూ యాంటీబాడీ పని చేసిందనే భ్రమ కలుగుతుంది. వీరో కణాలు (ల్యాబులో పెంచే కోతి మూత్రపిండ కణాలు) ఇంటర్‌ఫెరాన్‌ను తయారు చేయలేవు గానీ బయటి నుంచి వచ్చిన ఇంటర్‌ఫెరాన్‌కు స్పందిస్తాయి, కాబట్టి వీరో వాడుతున్నాం కదా అని ధీమాగా ఉండకండి.

## ఒక్క చూపులో

| | జీ తొడిగిన లెంటీవైరస్ | వీఎస్‌వీ డెల్టా జీ సూడోవైరస్ | పరాయి తొడుగుతో పెరిగే వీఎస్‌వీ | అసలు వీఎస్‌వీ |
|---|---|---|---|---|
| ఎన్ని చుట్లు | ఒకటే | ఒకటే | ఎన్నైనా | ఎన్నైనా |
| ఫలితానికి పట్టే సమయం | 48–72 గంటలు | 16–24 గంటలు | 24–72 గంటలు | 24 గంటలు |
| జన్యువు కణంలో నిలుస్తుందా | నిలుస్తుంది | నిలవదు, కణం చస్తుంది | నిలవదు | నిలవదు |
| మొదట కావాల్సింది | ప్లాస్మిడ్లు | విత్తన వైరస్ (పని మొదలుపెట్టే స్టాక్), తొడుగు ప్లాస్మిడ్ | విత్తన వైరస్ లేదా లేపే ప్లాస్మిడ్లు | విత్తన వైరస్ |
| మైనస్ 80 లేకుండా మొదలుపెట్టగలమా | ప్లాస్మిడ్ పని వరకు | లేదు | లేదు | లేదు |
| చెడగొట్టే సీరం | హెచ్‌ఐవీ మందులున్నది | ఇంటర్‌ఫెరాన్ ఎక్కువున్నది | ఇంటర్‌ఫెరాన్ ఎక్కువున్నది | ఇంటర్‌ఫెరాన్ ఎక్కువున్నది |
| పశువులకు భయం | లేదు | దాదాపు లేదు | తొడుగును బట్టి | ఉంది |

## జీ ప్లాస్మిడ్: జన్యువు పంపడమే పనైతే

ఇక్కడ వీఎస్‌వీ అనే వైరస్సే లేదు. దాని జీ జన్యువు ఒక్కటే ప్లాస్మిడ్‌లో ఉంటుంది. ల్యాబులకు ప్లాస్మిడ్లు పంచే ఆడ్‌జీన్ సంస్థ నుంచి తెచ్చుకునే పీఎండీ2.జీ నంబరు 12259, దానితో జంటగా వాడే ప్యాకేజింగ్ ప్లాస్మిడ్ పీఎస్‌ప్యాక్స్2 నంబరు 12260.

దూరపు కాలేజీలకు దీనిలో ఉన్న గొప్ప సౌకర్యం రవాణా. హైదరాబాద్‌లో తెలిసిన ల్యాబులో ఈ ప్లాస్మిడ్ ఉండి, ఒప్పంద పత్రాలు సరిగా ఉంటే, వాళ్లు 2 నుంచి 5 మైక్రోగ్రాములు ఫిల్టర్ పేపర్ మీద చుక్కగా వేసి, పెన్సిల్‌తో చుట్టూ గీసి, ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపితే చాలు. పెన్ను వద్దు, సిరా కరుగుతుంది. మీరు ఆ గుండ్రటి ముక్కను కత్తిరించి, 50–100 మైక్రోలీటర్ల టీఈ బఫర్‌లో పది నిమిషాలు నానబెట్టి, ఒకసారి సెంట్రిఫ్యూజ్ తిప్పి, 5 మైక్రోలీటర్లు ఈ. కోలైలో ట్రాన్స్‌ఫార్మ్ చేసుకోవాలి. ఐసు లేదు, కొరియర్ తంటా లేదు. జన్యువును మోసే లెంటీ ప్లాస్మిడ్‌ను మాత్రం ఎస్‌టీబీఎల్3 రకం బ్యాక్టీరియాలో 30 డిగ్రీల వద్ద పెంచండి. మామూలు డీహెచ్5 ఆల్ఫాలో 37 దగ్గర పెంచితే చివరల్లో ఉండే ఒకేలాంటి భాగాలు కలిసిపోయి మధ్య ముక్క ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

10 సెం.మీ. డిష్‌కు లెక్క ఇది. ముందు రోజు సాయంత్రం 50–60 లక్షల హెచ్‌ఈకే 293టీ కణాలు వేయండి. మర్నాటికి డిష్ నూటికి 70–80 వంతులు నిండాలి. జన్యువు ప్లాస్మిడ్ 10 మైక్రోగ్రాములు, పీఎస్‌ప్యాక్స్2 7.5, పీఎండీ2.జీ 2.5, మొత్తం 20 మైక్రోగ్రాములు. డీఎన్‌ఏను కణంలోకి చేర్చే రసాయనం పీఈఐ దానికి మూడు రెట్లు, అంటే 60 మైక్రోగ్రాములు. సీరం లేని మీడియంలో కలిపి 15–20 నిమిషాలు ఉంచి కణాల మీద చుక్కలుగా వేయాలి. మర్నాడు పొద్దున మీడియం మార్చి, 48, 72 గంటల వద్ద పైనీళ్లు తీయండి. 0.45 మైక్రాన్ పీఈఎస్ లేదా పీవీడీఎఫ్ ఫిల్టర్‌తో వడకట్టండి. 0.22 వాడితే లెంటీవైరస్‌లో కొంత అక్కడే ఆగిపోతుంది. నైట్రోసెల్యులోజ్ ఫిల్టర్ వైరస్ పైపొరకు అంటుకుపోతుంది.

జీ ఎక్కువ వేస్తే టైటర్, అంటే పనిచేసే వైరస్ లెక్క పెరుగుతుందనుకోవడం తప్పు. ఇది కణాలను ఒకదానితో ఒకటి అతికించేస్తుంది. 48 గంటలకు 293టీ కణాల్లో పెద్ద పెద్ద ముద్దలు కనిపిస్తే జీ బాగా వస్తోందని అర్థం. 30 గంటలకే కణాలు ఊడి తేలిపోతే మోతాదు ఎక్కువైందని అర్థం.

దీనికి రెండు హద్దులున్నాయి. నిద్రలో ఉన్న టీ కణాలు, రక్త మూలకణాలు ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను తక్కువగా చూపిస్తాయి. వాటిని ముందు ప్రేరేపించకుండా జీ లెంటీవైరస్ వేస్తే ఏమీ దూరదు. రెండోది, మనిషి తాజా సీరంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ల గుంపు జీ తొడుగును దెబ్బతీస్తుంది. 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడిచేయని సీరంను ఈ వైరస్ దగ్గరికి రానివ్వకండి.

## వీఎస్‌వీ డెల్టా జీ: సీరం పరీక్షకు నా మొదటి ఎంపిక

దీనిలో వీఎస్‌వీ జన్యువుల నుంచి జీ తీసేసి ఆ చోట లూసిఫరేజ్ గానీ జీఎఫ్‌పీ గానీ పెడతారు. తొడుగు ఏదో మీరు పక్కన ప్లాస్మిడ్‌తో ఇస్తారు. తొడుగు జన్యువు వైరస్ లోపల లేదు కాబట్టి ఒక కణంలో దూరాక అక్కడితో కథ ఆగిపోతుంది. కోవిడ్ వైరస్‌తో నేరుగా పని చేయాలంటే బీఎస్‌ఎల్-3 (జీవభద్రత మూడో స్థాయి ల్యాబు), నిపా, ఎబోలాలకు బీఎస్‌ఎల్-4 కావాలి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్‌ఐవీ లాంటి చోటికి వెళ్లాలి. అదే తొడుగు డెల్టా జీ మీద కప్పితే బీఎస్‌ఎల్-2 గదిలో, క్లాస్-2 క్యాబినెట్‌లో పని జరుగుతుంది. జిల్లా కేంద్రంలో పనిచేసేవాళ్లకు ఇది తెరిచే తలుపు చిన్నది కాదు.

ఒక డిష్ వరుస ఇలా ఉంటుంది. 293టీ లేదా బీహెచ్‌కే-21 కణాలకు తొడుగు ప్లాస్మిడ్ ఇవ్వాలి. 24 గంటలయ్యాక జీ తొడుగున్న విత్తన డెల్టా జీని కణానికి 3–5 చొప్పున వేసి గంటసేపు 37 డిగ్రీల్లో ఉంచాలి. తర్వాత పీబీఎస్‌తో మూడుసార్లు కడగాలి. ఆ పైన వేసే మీడియంలో జీని అడ్డుకునే యాంటీబాడీ కలపాలి. ఐ1 హైబ్రిడోమా ద్రవమో, 8జీ5ఎఫ్11 యాంటీబాడీనో వాడతారు. 16–24 గంటలకు పైనీళ్లు తీసి, నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ తిప్పి కణాల తుక్కు దించేసి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టాలి.

ఈ వరుసలో ఒక్క మెట్టు కూడా తగ్గించకూడనిది కడగడం, యాంటీబాడీ వేయడం. విత్తన వైరస్ జీ తొడుక్కునే వస్తుంది. లోపలికి పోని విత్తనం డిష్‌లో మిగిలిపోతే అది మీ పంటలో కలుస్తుంది. జీ ఉంది కాబట్టి ఏ కణంలోకైనా దూరి వెలుగునిస్తుంది. మీరేమో మీరిచ్చిన తొడుగు పని చేసిందనుకుంటారు. అందుకే ప్రతి సారి తొడుగు ప్లాస్మిడ్ బదులు ఖాళీ ప్లాస్మిడ్ ఇచ్చిన ఒక డిష్ పక్కనే ఉండాలి. దాన్ని బోడి వైరస్ అందాం. బోడి వైరస్ వెలుగుకూ మీ సూడోవైరస్ వెలుగుకూ కనీసం 100 రెట్ల తేడా లేకపోతే ఆ బ్యాచ్‌తో సీరం పరీక్ష చేయవద్దని నా సలహా.

అన్ని తొడుగులూ ఒకేలా కూర్చోవు. కరోనా స్పైక్‌కు తోక చివర కణం లోపలే ఆపే గుర్తు ఉంటుంది, చివరి 19–21 అమైనో ఆమ్లాలు తీసేసిన స్పైక్ వాడితే వైరస్ మీద బాగా చేరుతుంది. నిపాకు ఎఫ్, జీ రెండూ కావాలి, ఒక్కటిస్తే పని చేయదు. ఇన్‌ఫ్లుయెంజా హెచ్‌ఏ ఇస్తే న్యూరమినిడేజ్ కూడా ఇవ్వాలి, లేదంటే వైరస్ పుట్టిన కణానికే అతుక్కుని ఉండిపోతుంది. చాందీపురా జీ చుట్టమే కాబట్టి హాయిగా కూర్చుంటుంది. డెంగీ మీద పని చేయాలనుకునేవాళ్లు మాత్రం ఈ దారిలోకి రావద్దు. డెంగీ తొడుగు కణం లోపలి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో తయారై అక్కడే ఉంటుంది, వీఎస్‌వీ మొగ్గ తొడిగేది కణం పైపొర దగ్గర. రెండూ కలవవు. డెంగీకి దాని సొంత రిపోర్టర్ కణికలే తగినవి.

సీరం పరీక్ష కొలతలు: 96 బావుల ప్లేట్‌లో బావికి 20 వేల కణాలు ముందు రోజు వేయండి. 56 డిగ్రీల్లో అరగంట వేడిచేసిన సీరంను 1:20 నుంచి మొదలుపెట్టి మూడు రెట్ల చొప్పున పల్చన చేస్తూ పోవాలి. సమానంగా సూడోవైరస్ కలిపి 37 డిగ్రీల్లో గంట ఉంచి కణాల మీద వేయాలి. మర్నాడు చదవాలి. ప్లేట్ అంచున ఉన్న బావుల్లో సీరం పెట్టకండి, పీబీఎస్ పోసి వదిలేయండి. మన ఎండాకాలంలో ఇంక్యుబేటర్ నీళ్ల ట్రే ఒక్క రాత్రికే తగ్గిపోయి అంచు బావులు ఎండుతాయి, అక్కడ అంకెలు పెరిగి కనిపిస్తాయి. ఒక వరుసలో అదే సీరంను జీ తొడిగిన డెల్టా జీతో కూడా పరీక్షించండి. సీరం దాన్ని కూడా ఆపేస్తే ఆపింది యాంటీబాడీ కాదు, ఇంటర్‌ఫెరానో, కాంప్లిమెంటో, ఇంకేదో విషమో అని తెలిసిపోతుంది.

లెంటీవైరస్ మీదే స్పైక్ కప్పి ఈ పరీక్ష చేయకూడదా? చేయొచ్చు. ప్లాస్మిడ్లతోనే మొదలవుతుంది, విత్తన వైరస్ అక్కర్లేదు, మిగిలిపోయిన జీ గొడవ ఉండదు. కానీ 48–72 గంటలు ఆగాలి, వెలుగు సాధారణంగా తక్కువ. మీ దగ్గర విత్తన వైరస్ దొరికే మార్గం లేకపోతే, సీరం ఇచ్చినవారిలో హెచ్‌ఐవీ మందులు వాడేవారు లేరని తెలిస్తే, లెంటీ దారే ఆచరణలో సులువు. అది చిన్న ఎంపికేమీ కాదు, చాలా ప్రయోగశాలలు అలాగే చేస్తాయి.

## పెరిగే వైరస్: నిజంగా కావాలా?

వీఎస్‌వీ జీ తీసి ఆ చోట పరాయి తొడుగు జన్యువు పెడితే అది తనంతట తాను పెరుగుతుంది. ఈ దారి ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఎబోలా టీకా ఎర్వెబో ఉంది. జైర్ ఎబోలా తొడుగును వీఎస్‌వీ మీద పెట్టి చేసిన టీకా అది. 2015లో గినియాలో రోగి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వేసే పద్ధతిలో పరీక్షించారు, 2019 చివర్లో యూరప్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని కూడా మైనస్ 80 నుంచి మైనస్ 60 మధ్యే ఉంచాలి. కణితులను చంపే వీఎస్‌వీలది మరో పెద్ద శాఖ. చాలా కణితి కణాల్లో ఇంటర్‌ఫెరాన్ రక్షణ చెడిపోయి ఉంటుంది, కాబట్టి వైరస్ అక్కడ పెరిగి మంచి కణాల్లో ఆగుతుంది. ఎం ప్రోటీన్‌లో 51వ అమైనో ఆమ్లం మార్చిన రూపాలు ఈ తేడాను ఇంకా పెంచుతాయి.

ఒక చిన్న ల్యాబు దీన్ని తలపెట్టడానికి ముందు ఇబ్బందులు చూసుకోవాలి. పెరిగే వైరస్ మారుతుంది. కొన్ని పాసేజీల్లోనే (ఒక డిష్ నుంచి ఇంకో డిష్‌కు మార్చి పెంచే విడతల్లోనే) తొడుగులో మార్పులు చేరతాయి, కాబట్టి తరచూ సీక్వెన్స్ చేయాలి. ప్లాస్మిడ్ల నుంచి లేపడం ఒక్కోసారి నెలలు తింటుంది. యాంటీబాడీ ఒత్తిడిలో వైరస్‌ను పెంచే ప్రయోగాలకు కమిటీ పరిశీలన వేరుగా, లోతుగా ఉండాలి. పెద్ద సంస్థతో కలిసి, అక్కడికి వెళ్లి చేయడమే మేలు. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట్లకు నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా దూరం వంద కిలోమీటర్ల చుట్టూనే. సీరం తీసుకుని అక్కడికి పోవడం కంటే వైరస్ ఇక్కడికి తేవడం ఎన్నో రెట్లు కష్టం.

## అసలు వీఎస్‌వీ

ఇంటర్‌ఫెరాన్ ఎంత ఉందో కొలిచే పాత పరీక్షలో దీని పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. మనిషి ఇంటర్‌ఫెరాన్‌కు ఏ549 లాంటి కణాలు, ఎలుకదైతే ఎల్929 కణాలు. రాత్రంతా ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి, మర్నాడు వీఎస్‌వీ వేసి, బతికిన కణాలకు క్రిస్టల్ వయొలెట్ రంగు పట్టించి చూస్తారు. ఇప్పుడు ఎలైసా ఉంది, ఇంటర్‌ఫెరాన్ తగలగానే రంగు మారే రిపోర్టర్ కణాలున్నాయి. జిల్లాలో ఉన్న ల్యాబుకు అవే సరిపోతాయి.

ప్లాక్ పరీక్ష నేర్పడానికి వీఎస్‌వీ తెప్పిద్దామని కొందరనుకుంటారు. 24 గంటల్లో చక్కటి ప్లాకులు వస్తాయి, నిజమే. అయినా వద్దు. బ్యాక్టీరియోఫాజ్‌తో అదే లెక్క, అదే పల్చన పద్ధతి, అదే ఆనందం, ఏ అనుమతీ లేకుండా నేర్పొచ్చు. మన చుట్టూ ఇంటింటికీ గేదెలు, ఆవులు ఉన్నాయి. ల్యాబు అటెండర్ సాయంత్రం ఇంటికి పోయి పాలు పితుకుతాడు. మనుషులకు వస్తే సాధారణంగా కొద్ది రోజుల ఫ్లూలాంటి జ్వరమే. కానీ ఒక్క పశువుకు పొక్కులొస్తే అది గాలికుంటా, కాదా అని తేలేలోపు ఆ ఊరి పశువుల సంత ఆగిపోతుంది. చదువు కోసం అంత పెద్ద భారం రైతు మీద పెట్టే హక్కు మనకు లేదు.

ఎలాగూ పెరిగే వీఎస్‌వీ వాడాల్సిన పనే ఉంటే, స్టాక్ పెంచేటప్పుడు కణానికి 0.01 లేదా ఇంకా తక్కువ వైరస్ వేయండి. ఎక్కువ వేసి పదే పదే పెంచితే సగం జన్యువులే ఉన్న లోపభూయిష్ట కణికలు పోగై, అసలు వైరస్ పెరుగుదలను అణిచేస్తాయి. చూడ్డానికి వైరస్ బలహీనపడినట్టుంటుంది, కారణం మాత్రం మీ పాసేజీ పద్ధతి.

## ఎవరికి ఏది

ఎంఎస్సీ విద్యార్థికి ఆరు నెలలే ఉంటే జీ లెంటీవైరస్‌తో జీఎఫ్‌పీ పంపే పని తీసుకోండి. ఐబీఎస్‌సీ ఇప్పటికే ఉన్న చోటైతేనే. లేకపోతే ప్లాస్మిడ్ తయారీ, సీక్వెన్స్ పోలిక వరకే ఆగండి, అది కూడా మంచి ప్రాజెక్టే.

మెడికల్ కాలేజీలో వందల సీరం శాంపిళ్లు ఉండి టీకా స్పందన చూడాలనుకునేవాళ్లకు డెల్టా జీ. ల్యూమినోమీటర్ లేకపోతే జీఎఫ్‌పీ రూపం తీసుకుని వెలిగే కణాలను లెక్కపెట్టండి, నెమ్మదిగా సాగుతుంది కానీ ఫలితం నమ్మదగిందే. తీవ్ర జ్వరంలో తీసిన శాంపిళ్లు వేరుగా పెట్టండి.

పీహెచ్‌డీ విద్యార్థి చాందీపురా మీద పని చేయాలనుకుంటే డెల్టా జీ మీద చాందీపురా జీ కప్పడం చాలా అందమైన దారి. మన నేల ప్రశ్నకు మన దగ్గరే జవాబు వెతికే వీలుంటుంది.

కణం లోపల ప్రోటీన్లు ఎలా ప్రయాణిస్తాయో నేర్పే అధ్యాపకులకు వైరస్ ఏదీ అక్కర్లేదు. టీఎస్045 అనే జీ మార్పు 40 డిగ్రీల్లో సరిగా మడత పడక లోపలే ఆగుతుంది, 32కు దించగానే బయలుదేరుతుంది. దానికి జీఎఫ్‌పీ అతికించిన ప్లాస్మిడ్, ఒక మైక్రోస్కోప్, రెండు ఇంక్యుబేటర్లు చాలు. జేమ్స్ రాత్‌మన్‌కు 2013లో నోబెల్ తెచ్చిన పరిశోధన కూడా వీఎస్‌వీ జీ ప్రయాణాన్ని గమనించడంతోనే మొదలైంది.

## పని చెడే చోట్లు

డ్రై ఐస్. హైదరాబాద్ నుంచి వైరస్ తెచ్చేటప్పుడు మూత వదులైతే కార్బన్ డయాక్సైడ్ ట్యూబులోకి దూరి మీడియం పుల్లబడుతుంది. చాలా తొడుగులు పులుపుకు స్పందించేవే. వీఎస్‌వీ జీ మళ్లీ సర్దుకోగలదు గానీ అలాంటి పరాయి తొడుగులు చాలావరకు ఒకసారి తెరుచుకుంటే మూసుకోవు. రబ్బరు రింగున్న మరమూత ట్యూబులే వాడండి. ల్యాబు చేరాక ఒక రోజంతా మైనస్ 80లో ఉంచి, గ్యాసు పోయాకే కరిగించండి.

కరిగించి మళ్లీ గడ్డకట్టించడం. ప్రతి సారి టైటర్ పడిపోతుంది. ఒక పరీక్షకు సరిపడా కొలతలోనే ట్యూబులు నింపుకోండి. మిగిలింది పారేయండి.

నీళ్లు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నల్లగొండవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఉప్పు కూడా ఎక్కువే. ఆటోక్లేవ్‌లో ఆ నీళ్లు పోస్తే ఎలిమెంట్‌కు సున్నం పట్టి 121 డిగ్రీలకు చేరడం ఆలస్యమవుతుంది. మీటర్ చూపినా లోపలి సంచి నడిమధ్య వేడి అందదు. ఆటోక్లేవ్‌కు ఆర్‌వో నీళ్లు, మీడియంకు కణ కల్చర్ కోసమే అమ్మే నీళ్లు వాడండి.

ఎక్కువ వైరస్. సీరం పరీక్షలో వెలుగు బాగా రావాలని వైరస్ రెట్టింపు చేస్తే, బలహీనమైన యాంటీబాడీలు కనిపించకుండా పోతాయి. ముందు వైరస్‌ను మాత్రమే పల్చన చేస్తూ ఒక గీత గీయండి. పల్చన సగమైతే వెలుగూ సగమయ్యే భాగంలోనే పరీక్ష చేయాలి.

శుభ్రం. ఇది కొవ్వు పొరున్న వైరస్, తేలిగ్గానే చస్తుంది. 70 శాతం ఆల్కహాల్, తాజాగా కలిపిన 1 శాతం హైపోక్లోరైట్ పది నిమిషాలు సరిపోతాయి. తాజాగా అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఎండలో నిలవున్న బ్లీచ్ డబ్బాలో క్లోరిన్ వాసన మిగులుతుంది గానీ బలం మిగలదు. డబ్బా మీద తెరిచిన తేదీ రాసి, చల్లటి చీకటి గదిలో పెట్టి, కలిపిన ద్రావణాన్ని ఆ రోజుకారోజు పారబోయండి.